నా బండిని ఎవ్వరు నెట్టొద్దు

నా కాళ్లు పడిపోయిన రోజు పొద్దున నేను ఆరు కిలోమీటర్లు ఉరికిన. ఈ మాట చెప్తే చానమంది నమ్మరు. మంచానవడే మనిషి అంతకుముందు నుంచే కొంచెం కొంచెం నీరసపడుకుంట వస్తదని అనుకుంటరు. నాకు అట్ల కాలే. పొద్దున ఉరికిన, మధ్యాహ్నానికి నిలబడలేకపోయిన.

ఇన్ని రోజులు ఎవరడిగినా "మంచిగనే ఉన్న" అని ఒక్క మాటల తేల్చేసిన. మొన్న దవాఖానకు చూపించుకునేటందుకు పోతే, ఆడ ఒకామె నా చెయ్యి పట్టుకున్నది. ఆమెకు కూడ నా లెక్కనే కాళ్లు పడిపోయి పది రోజులైందట. "తర్వాత ఏమైతది మేడం?" అని అడిగింది. అంతల్నే నా నంబరు పిలిచిన్రు. బయటికొచ్చి చూస్తే ఆమె లేదు. ఆమెకు ఆడ చెప్పలేనిది ఈడ రాస్తున్న.

నా పేరు పద్మ. కరీంనగర్ల ఒక సర్కారు హైస్కూల్ల లెక్కల టీచర్‌ను. పుట్టి పెరిగింది కాగజ్‌నగర్ల. బాపు పేపర్ మిల్లుల పనిచేసిండు. మా ఆయన శ్రీనివాస్, మోటార్ల రివైండింగ్ షాపు నడిపిస్తడు. మాకు ఒక్కతే బిడ్డ, సాహితి. అప్పుడు తొమ్మిదో తరగతి.

షుగర్ వస్తదేమోనన్న భయానికి నేను డ్యామ్ కట్ట మీద నడుచుడు మొదలుపెట్టిన. నడుచుడు మెల్లగ ఉరుకుడైంది. దానికి కారణం షాహీన్. మా గల్లీ చివర్ల గాజుల షాపు ఆమెది. నాకన్న ఆరేండ్లు చిన్నది, నాకన్న ముందు ఉరుకుతది. మా ఊర్ల ఏటా చలికాలం పది కిలోమీటర్ల పందెం అయితది. ఇద్దరం రెండు సార్లు ఉరికినం. రెండు సార్లు షాహీనే ముందు చేరింది. మూడోసారి చూసుకుంట అని చెప్పిన. ఆ మూడోసారి రాకముందే ఆగస్టు వచ్చింది.

ఆగస్టు

వారం కింద జ్వరమొచ్చి తగ్గింది. ఆ పొద్దున కట్ట మీద ఉరుకుతుంటే నడుము చుట్టు ఎవరో తాడు బిగించి కట్టినట్టు అనిపించింది. జ్వరం నీరసమనుకున్న. స్నానం చేసి బడికి పోయిన. మూడో పీరియడ్ల బోర్డు మీద లెక్క చేస్తుంటే వెనుక నుంచి ఒక పిల్ల "మేడం, చెప్పు" అన్నది. ఏం చెప్పాలె అనుకున్న. కిందికి చూస్తే నా కుడికాలి చెప్పు రెండడుగుల వెనుక పడి ఉన్నది. ఊడిపోయిన సంగతి నా కాలుకు తెల్వలే.

లెక్క పూర్తి చేసి కుర్చీల కూసున్న. మళ్ల ఆ కుర్చీల నుంచి లేవలే. పొద్దటి నుంచి మూత్రం కూడ రాలేదని అప్పుడు యాదికొచ్చింది.

ఇది చదివేటోళ్లకు ఒక్క మాట. జ్వరం తగ్గినంక కాళ్లు మొద్దుబారితే, మూత్రం ఆగితే, రేపు చూద్దామనకుండ్రి. అదే దినం పెద్ద దవాఖానకు పోండ్రి. మా హెడ్మాస్టర్ సార్ నన్ను కుర్చీతోనే ఎత్తి ఆటోల ఎక్కించిండు. తెల్లారేసరికి హైదరాబాద్ల ఉన్న. అంత జల్ది పోయినా నా కాళ్లు రాలే. కని చేతులు, ఊపిరి మిగిలినయి. లేటైతే అవి కూడ ఏమైతుండెనో.

వెన్నుపాముకు వాపొచ్చిందన్నరు. ఐదు రోజులు సూది మందులు ఎక్కిచ్చిన్రు. ఆరో రోజు డాక్టర్ వచ్చి, నా కాళ్లు గీకి చూసి, నాకేం చెప్పకుండ మా ఆయనను వరండాలకు పిలిచిండు. అద్దంల నుంచి ఇద్దరు కనవడుతున్నరు. మా ఆయన తల ఊపుతుండు. ఆయన తల ఊపుడు నాకు తెలుసు, మాట అర్థం కానప్పుడు కాదు, అర్థమైనప్పుడు అట్ల ఊపుతడు.

లోపలికొచ్చి "అంత మంచిగైతదట" అన్నడు.

"ఇరవై మంది పిల్లలు రోజూ నాకు అబద్ధాలు చెప్తరు. నీకన్న మంచిగ చెప్తరు. అసలు ఏమన్నడో చెప్పు."

ఆయన మంచం అంచు మీద కూసుండి నా కాలు మీద చెయ్యి పెట్టిండు. చెయ్యి పెట్టిన సంగతి చూస్తేనే తెలిసింది. "కొందరు నడుస్తరట. కొందరు కర్ర పట్టుకొని నడుస్తరట. కొందరు..." అని ఆగిండు. "ఆరు నెలలు చూడాలన్నడు."

మరునాటి నుంచి ఏది చెప్పినా నా ముందర్నే చెప్పాలని డాక్టర్‌కు చెప్పిన. ఆ తర్వాత అట్లనే చేసిండు.

స్కానింగ్ దగ్గర గంటలు గంటలు ఎదురుచూసుడే. ఒక దినం స్ట్రెచర్ మీద గోడకు ఆనిచ్చి పెట్టిన్రు. పక్కన బెంచీ మీద ఆదిలాబాద్ దిక్కు బేల నుంచి వచ్చిన ఒకామె కూసున్నది. సుమన్‌బాయి. మూడేండ్ల కింద ఆమె పెనిమిటి చెట్టు మీదికెల్లి పడితే నడుము కింద అంత పోయింది. "బాయి, తిన్నవా?" అని జొన్నరొట్టె తుంచి పల్లికారం అద్ది నా నోట్ల పెట్టింది. నేను ఎవరో, ఏం కులమో, ఏమైందో అడగలే.

తిన్నంక చెప్పింది. "రోజూ పొద్దుమూకే యాళ్లకు అద్దం తీస్కొని నీ నడుము, పిర్రలు, మడిమెలు చూస్కో. నొప్పి తెల్వది గద, పుండు పడితే నీకు ఎర్కకాదు. మాకు ఎవ్వరు చెప్పలే. మావోడు ఆ పుండుతోనే ఏడాది మంచంల ఉన్నడు." ఆ సాయంత్రమే షాహీన్‌కు ఫోన్ చేసి ఒక చెయ్యద్దం పంపుమన్న. ఇప్పటిదాక నాకు ఒక్క పుండు పడలే. ఎంతమంది పెద్ద డాక్టర్లు చూసినా, నా తోలును కాపాడింది సుమన్‌బాయే.

ఆరు నెలలు

ఇంటికొచ్చినంక అవ్వ కాగజ్‌నగర్ నుంచి వచ్చింది. వచ్చేటప్పుడే కొండగట్టు అంజన్నకు మొక్కుకొని వచ్చింది. బిడ్డ నడిస్తె మెట్లెక్కి వస్త అని. రోజూ పొద్దున లేచి నా కాళ్లకు నూనె రాసుకుంట, కాలి బొటనవేలు కదిలిందా అని చూస్తుండె. నేను కదిలించాలని పండ్లు కొరుకుతుంటి. ఒకసారి కదిలిందని అవ్వ గల్లీ అంత చెప్పి వచ్చింది. అది కదులుడు కాదు, నరాల జెర్కు. ఫిజియో సారు మెల్లగ చెప్పిండు. ఆ దినం అవ్వ అన్నం తినలే.

మా ఆయన షాపు సగం దినమే తీస్తుండె. నన్ను మంచం మీదికెల్లి కుర్చీలకు, కుర్చీలకెల్లి బాత్రూంలకు పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటుండె. ఆయన నడుము పోతదని ఒక భయం. అంతకన్న ఎక్కువ, నాకు కోపం. ఎవరి మీద పెట్టాలో తెల్వని కోపం. ఒకనాడు కుర్చీల నుంచి మంచం మీదికి నేనే జరుగుత అని చేతుల మీద లేస్తుంటే, ఆయన వచ్చి చంకల కింద చేతులు పెట్టిండు.

"ఇడువు" అన్న.

"పడ్తవు."

"పడనియ్యి."

ఇడిచిండు. పడ్డ. ఇద్దరం కింద కూసున్నం. ఆయన ఏడ్చిండు, నేను ఏడ్వలే. కొద్దిసేపటికి "నాకు చేసుడు తప్ప ఏం చేతనైతలేదు పద్మా. ఊకే కూసుంటె ఏదేదో మతికొస్తుంది" అన్నడు. అంతవరకు ఈ రోగం నా ఒక్కదానికే వచ్చిందనుకుంటున్న. ఆ పొద్దు తెలిసింది, ఇంట్ల నలుగురికి వచ్చింది.

అందరికన్న నన్ను ఎక్కువ భయపెట్టింది సాహితి. ఆ పిల్ల నా మీద కోపం చేసుడు బంద్ చేసింది. అంతకుముందు జడ గట్టిగేసినా, ఫోన్ గుంజుకున్నా ఇల్లు పీకి పందిరేసేది. ఇప్పుడు ఏం చెప్పినా "సరే అమ్మా." లెక్కల్ల మార్కులు తగ్గితే నేనేమన్నా, "సరే అమ్మా." పోయేటి మనిషితోని మాట్లాడినట్టు మాట్లాడుతుండె.

ఆరు నెలలు అయినయి. డాక్టర్ మళ్ల గీకి చూసిండు. ఈసారి నా మొఖం చూసే చెప్పిండు, "అమ్మా, ఇక కాళ్ల మీద ఆశ పెట్టుకొని మిగతా పనులు ఆపకండి."

ఏడుపు వస్తదనుకున్న. రాలే. ఆరు నెలలు పరీక్ష ఫలితం కోసం చూసి చూసి, చివరికి ఫెయిలే వచ్చినా, చూసుడన్న అయిపోయింది.

కొండగట్టుకు ఎట్లా పోవుడని అవ్వ వారం దినాలు మాట్లాడలే. ఒక మంగళారం పొద్దున తానే వచ్చి, "నడిస్తె వస్త అన్న. ఆయన నడిపియ్యలే. అయినా నా బిడ్డ పాణంతోని ఉన్నది. పోదాం పా" అన్నది. పోయినం. అవ్వ మెట్లెక్కి వచ్చింది, నేను ఆటోల ఘాటు రోడ్డు మీద వచ్చిన. పైన ఇద్దరం కలిసినం. అంతే, ఆ ముచ్చట ఆడ ఒడిసింది.

కట్ట మీద

బడికి వీల్‌చైర్ల పోవుడు మొదలుపెట్టిన. బోర్డు కిందిసగమే అందుతది, ఆ సగంల లెక్క సరిపోకపోతే పిల్లలు వచ్చి పైసగం రాస్తరు. దాంతోని వాళ్లకు లెక్కలు మంచిగొచ్చినయి.

ఒక ఆదివారం షాహీన్ వచ్చి, "అక్కా, కట్ట మీదికి పోదాం పా" అన్నది.

"గాలి తినడానికా?"

"గాలి తింటె ఏమొస్తది? ఉరుకుదాం. నీ చేతులున్నయి గదా." ఫోన్ తీసి చూపించింది. మూడు చక్రాల బండ్లల్ల కూసుండి, వంగి, చేతులతోని చక్రాలు కొట్టుకుంట రోడ్డు మీద పోతున్నరు జనం. ఉరికేటోళ్లకన్న జోరుగ పోతున్నరు. "ఇందుల సైకిల్ లెక్క పెడల్ లేదు, మోటర్ లేదు. ఉత్త చేతులే. జర సోచాయించు."

అసొంటి బండి మనకాడ దొరకదు. మా ఆయన ఆ వీడియో పది సార్లు చూసిండు. మరునాడు పాత సైకిల్ చక్రాలు రెండు, చిన్నపిల్లల సైకిల్ చక్రం ఒకటి తెచ్చి షాపు ముందర వేసిండు. పక్క వెల్డింగ్ ఆయనతోని పైపులు అతికిచ్చిండు. మొదటి బండి ఎడమకు గుంజింది. రెండోది నేను కూసుంటే వంగింది. మూడోది నిలబడ్డది. ఎన్నో నెలల తర్వాత మా ఆయన చేతులకు నన్ను ఎత్తుడు కాకుండ వేరే పని దొరికింది. మనిషి తేటపడ్డడు.

మొదటి దినం కట్ట మీద రెండు వందల మీటర్లు పోయేసరికి అరచేతుల తోలు లేచింది. తోలు గ్లౌజులకు ట్యూబు రబ్బరు అతికించుకున్న. భుజాలు రాత్రంత గుంజేటియి. మూడు నెలలకు ఐదు కిలోమీటర్లు. షాహీన్ పక్కపొంటి ఉరుకుతుండె. ఒకనాడు దిగువల నేను ఆమెను దాటి పోయిన. వెనుక నుంచి "అరె అక్కా, ఆగు" అంటుంది. ఆగలే.

ఆ దినాలల్లనే ఒక పొద్దున నేను బండి మీద పోయి లేటుగ వస్తే సాహితి బడి బస్సు తప్పిపోయింది. "నీకు నీ బండే ఎక్కువ. నేను ఉన్ననని యాదికుంటదా అసలు?" అని పుస్తకాల సంచి సోఫా మీద ఇసిరికొట్టింది. అవ్వ తిట్టబోయింది. నేను అవ్వ చెయ్యి పట్టి ఆపిన. నా బిడ్డ నాకు వాపస్ వచ్చిందని ఆమెకు ఎట్ల చెప్పాలె?

జెండా

పందెం పేర్లు రాసుకుంటున్నరని తెలిసి ఫారం తెరిచిన. ఆడ, మగ, వయసు, చొక్కా సైజు ఉన్నయి. నా బండికి గడి లేదు. నిర్వహించే పెద్దమనిషికి ఫోన్ చేసిన. రిటైరైన బ్యాంకు ఆఫీసర్, మర్యాద గల మనిషి. ఇంటికే వచ్చిండు. అవ్వ చాయ్ ఇచ్చింది.

"మేడం, మీ ధైర్యానికి దండం. మీరు తప్పకుండ రావాలె. చీఫ్ గెస్ట్‌గ స్టేజీ మీద కూసోని జెండా ఊపాలె."

"జెండా ఊపితె నాకు టైం ఎంత పడ్తది సార్?"

ఆయనకు అర్థం కాలే.

"పది కిలోమీటర్లకు ఎంత టైం పట్టిందో రాస్తరు గదా. నాది ఎంతని రాస్తరు?"

ఆయన చాయ్ కప్పు కింద పెట్టిండు. కారణాలు చెప్పిండు. దిగువల బండి జోరుగొచ్చి ఉరికేటోళ్లను గుద్దితే ఎట్ల? మీకేమన్న అయితే మేం ఎవరికి జవాబు చెప్పాలె? అన్నీ న్యాయమైన మాటలే. షాహీన్ పక్కనే కూసున్నది. వేరే దేశాల పందాల నియమాలు ఫోన్ల తీసి చదివింది. బండ్లోళ్లను ముందుగాల ఇడుస్తరట, ఉరికేటోళ్లకు అడ్డం రాకుండ. నెత్తికి హెల్మెట్ ఉండాలె. ఇంకొకటి, ఎవరితోనన్న బండిని నెట్టించుకుంటే బండిల కూసున్న మనిషి పందెం నుంచి ఔట్.

"నెట్టితే ఔటా?" ఆయన ఆశ్చర్యపోయిండు. "మేం ఇద్దరు వాలంటీర్లను నెట్టడానికే పెడదామనుకున్నం."

"సార్, మీరు పోయినేడు ఉరికిన్రు గదా. అలిసిపోతే ఎవరన్న ఎత్తుకుపోయిన్రా?"

ఆయన షాహీన్ ఫోన్ తీస్కొని ఆ నియమాలు తానే ఒకసారి చదివి, "ఐదు నిమిషాలు ముందు ఇడుస్తం" అన్నడు. "ముందు ఒక స్కూటర్ పెడ్తం." పోతుంటే గడప దగ్గర ఆగి, "చొక్కా ఏ సైజు మేడం?" అని అడిగిండు.

పందెం

మా ఆయన ఒక తెల్లగుడ్డ మీద ఎర్ర పెయింటుతోని "నెట్టొద్దు" అని రాసి బండి వెనుక కట్టిండు. అవ్వకు అది నచ్చలే. "గిదేం మర్యాద? సాయం చేసేటోళ్లను వద్దంటవా?" అన్నది.

పొద్దు పొడిచే యాళ్లకు మొదలైంది. నేను ఒక్కదాన్నే. రోడ్డంత ఖాళీ, ముందు స్కూటర్. చప్పట్లు కొట్టేటోళ్లు నన్ను చూసి ఆగిపోయి, మళ్ల ఇంకా గట్టిగ కొట్టిన్రు. నాలుగు కిలోమీటర్లదాక మంచిగ పోయిన. ఐదో కిలోమీటర్ల కట్ట మీదికి ఎక్కాలె. ఆ ఎత్తు మీద నేను చానసార్లు ఎక్కిన, కని నాలుగు కిలోమీటర్ల తర్వాత ఎప్పుడు ఎక్కలే. చక్రం ఒక్కసారి కొడితే జానెడు పోతుంది. చేతులు తీస్తే వెనుకకు జారుతుంది. వెనుక ఇడిచిన ఉరికేటోళ్లు వచ్చి దాటిపోతున్నరు.

సగం ఎత్తు మీద హఠాత్తుగ బండి తేలికైంది. దానంతటదే ఎక్కుతుంది. తిరిగి చూస్తే పొద్దటి వాకింగుకు వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు, ఒక పోలీసాయన కలిసి నెట్టుతున్నరు.

"ఇడువుండ్రి సార్. నెట్టొద్దు" అని చెప్తున్న. ఊపిరి లేదు, మాట బయటికొస్తలేదు. "ఏం కాదు బిడ్డా, మేమున్నం" అంటుండు ఒకాయన. గుడ్డ మీద రాసింది ఆయన కడుపు కిందనే ఉన్నది. పైకి తెచ్చి ఇడిచిపెట్టి, ముగ్గురు ఎంతో సంతోషంగ నా దిక్కు చూసిన్రు.

నేను బండిని పక్కకు తిప్పి, మెల్లగ కిందికి దిగుడు మొదలుపెట్టిన.

"ఏమైందమ్మా? ఏమన్న పడిపోయిందా?" పోలీసాయన వెంట ఉరికొచ్చిండు.

"ఏం పడిపోలే సార్. మీరు ఎక్కిచ్చినంత నేను ఎక్కలే. మళ్ల ఎక్కాలె."

వాళ్లు చెయ్యి పెట్టిన కాడ ఒక కరెంటు స్తంభం ఉండె. దానికి కొంచెం కిందికే పోయి బండి తిప్పిన. అప్పుడే షాహీన్ కింది నుంచి వచ్చింది. "అక్కా, ఉల్టా పోతున్నవేంది?" అన్నది. చెప్పిన. ఉరుకుడు ఆపకుండ నవ్వింది. "నేను ఆగను. నా టైం పోతది" అని ఎత్తు మీదికి ఎక్కిపోయింది. ఆ పొద్దు నాకు ఎవరన్న చేసిన మంచిపని ఏదన్న ఉంటే, అది ఆమె ఆగకపోవుడు.

పోలీసాయన రోడ్డు పక్కకు నిలబడి, ఇంకెవరన్న నా దిక్కు వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి, "ముట్టకుండ్రి, మేడం ఎక్కుతది" అంటుండు. ఎక్కిన. ఎంతసేపు పట్టిందో తెల్వదు. పైకొచ్చినంక ఆయన తల మీద టోపీ సరిచేసుకున్నడు.

గమ్యం దగ్గర మా ఆయన రెండు చేతులు వెనుకకు కట్టుకొని నిలబడ్డడు. ఎక్కడ ముందుకొస్తయో అన్నట్టు. గంటా పన్నెండు నిమిషాలు. పెద్ద తెర మీద నా పేరు పక్కన ఆ అంకె వచ్చింది. జెండా ఊపితె ఆ అంకె రాకపోతుండె.

స్టేజీ మీద నాకు మొదటి బహుమతి ఇచ్చిన్రు. బండి వర్గంల నేను ఒక్కదాన్నే. ఒక్కరే ఉంటే మొదటిది కాక ఏమైతది? మెడల్ వేసిన అతిథి మైకు పట్టుకొని నా గురించి చెప్తూ ఏడ్చిండు. ఎదురుంగ సగంమంది కండ్లు తుడుచుకున్నరు. వాళ్ల మనసు మంచిది. నేను నవ్వుకుంట దండం పెట్టిన. కని ఇంటికొచ్చినంక ఏదో తక్కువైనట్టే ఉండె, ఏందో తెల్వలే.

ఈ ఏడు

ఈసారి ఫారంల మా బండ్లకు ఒక గడి ఉన్నది. కట్ట ఎత్తు దగ్గర "చెయ్యి వెయ్యకుండ్రి" అని నిర్వాహకులే బోర్డు పెట్టిన్రు. నలుగురం వచ్చినం. ఒకాయన మంచిర్యాల నుంచి, చిన్నప్పుడే పోలియో, స్టేషన్ దగ్గర ఫోన్లు బాగుచేస్తడు. ఒకామె జగిత్యాల నుంచి. ఇంకొకాయన సిరిసిల్ల మరమగ్గాల సాంచల పనిచేసేటోడు, ప్రమాదంల రెండు కాళ్లు పోయినయి. మొదలయ్యే ముందు ఒకరి బండి ఒకరం చూసుకున్నం, టైర్లు ఒత్తి చూసినం.

ఎత్తు మొదలయ్యేదాక నేను రెండోదాన్ని. సిరిసిల్లాయన ముందు పోయిండు, ఆయన భుజాలు సాంచె గుంజిన భుజాలు. ఎత్తు సగం ఎక్కినంక నా పక్కపొంటి చక్రాల చప్పుడైంది. మంచిర్యాలాయన. నా దిక్కు కూడ చూడలే. పండ్లు బిగవట్టి నన్ను దాటి పోయిండు. నేను ఎంత కొట్టినా ఆయన వీపు దగ్గరికి రాలే.

మూడోదాన్నయిన. పోయినేటి కన్న తొమ్మిది నిమిషాలు తక్కువ పట్టింది, అయినా మూడోదాన్నే. మెడల్ ఇచ్చేటాయన చెయ్యి కలిపి "కంగ్రాట్స్" అని పక్కకు జరిగిండు. ఎవ్వరు ఏడ్వలే. కిందికొచ్చి మంచిర్యాలాయనను అడిగిన, గ్లౌజులు దేంతోని చేసిండని. చెప్పకుండ నవ్వి తప్పించుకున్నడు.

ఆటోల వాపస్ వస్తుంటే నేను మాట్లాడతలేనని మా ఆయన చూసిండు.

"చేతులు నొస్తున్నయా?"

"లేదు."

"మరేంది?"

"కోపమైతుంది."

"ఎవరి మీద?"

"గా మంచిర్యాలాయన మీద. కాళ్లు పోయిన కాడికెల్లి నన్ను ఒక్కలన్న ఓడగొట్టిన్రా? అందరు దారి ఇచ్చుడే. గాయన ఇయ్యలే."

మా ఆయన నవ్వలే. బండి ముందు చక్రం ఒక మూరెడు జరిపితే ఎత్తు మీద తేలికైతదేమో చూద్దామన్నడు. వెల్డింగ్ షాపు ఆదివారం కూడ తెరిచే ఉంటది. ఆటోను అటే తిప్పుమన్న.